సగం దిగిన మేకులు

మా ఇంట్లో ఆ వేసవిని అక్క తిరిగొచ్చేసిన వేసవి అని ఎవరూ అనరు. షెడ్డు కట్టిన వేసవి అంటారు. "ఈ కుర్చీ షెడ్డు కట్టినప్పుడు కొన్నదే కదూ?" అంటుంది అమ్మ, ఆ కుర్చీ తప్ప ఆ వేసవిలో మా ఇంటికి ఇంకేమీ రానట్టు. మావాళ్ళ పద్ధతే అంత. పుండు ఎక్కడుందో అందరికీ తెలుసు కాబట్టే ఎవరి చెయ్యీ దాని మీద పడదు.

ఎండలు ఇంకా ముదరకముందే, ఒక సాయంత్రం, అక్క ఒక్క సంచీతో వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి అక్క భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"అల్లుడుగారేరీ?"

"రాలేదు."

"ఎప్పుడొస్తారు?"

"ఆయన రావడం కాదమ్మా. నేనొచ్చేశాను."

బీరువా తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయిందని అక్క చెంప మీద బావ ఒక్కటిచ్చాడట. తాళంచెవి తరవాత ఆయన చొక్కా జేబులోనే దొరికిందట.

"ఒక్కసారేనా?" అంది అమ్మ.

"ఒక్కసారే."

అమ్మ హమ్మయ్య అని పైకి అనలేదుగాని అన్నంత పనీ చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం చెప్పులు విప్పి, వాటిని గోడ వారగా పెట్టి, తాపీగా చెప్పింది.

"ఒక్కసారేనమ్మా. కానీ అప్పట్నించీ ఆయన ఎదురుగా ఉన్నంతసేపూ నా చూపు ఆయన చేతి మీదే ఉంటోంది. మాట్లాడుతుంటే మొహం చూడట్లేదు, చెయ్యి చూస్తున్నాను. ఎన్నాళ్ళని చూడను?"

జీవితమంతా బస్సు తోలి, మోకాళ్ళు అరిగిపోయి ఇంటిపట్టున కూర్చున్న మనిషి నాన్న. కోపమొచ్చినా, దిగులొచ్చినా చేతికేదో ఒక పని కల్పించుకుంటాడు. మర్నాడు పొద్దున్నే చిన్నగదిలో ఉన్న తోట సామానంతా బయటికి మోయడం మొదలెట్టాడు. పార, గడ్డపార, నీళ్ళ గొట్టం, ఎరువు బస్తాలు, పగిలినవీ పగలనివీ పూలకుండీలు, అన్నీ పెరట్లో కుప్పపోశాడు. గది కడిగించి అక్క మంచం అందులో వేయించాడు.

"నాలుగు రోజులుండి వెళ్ళేదానికి గదెందుకండీ? ఈ హడావిడంతా ఎందుకు?" అంది అమ్మ.

"సామాను ఎండలో ఉంటే పాడవుతుంది. వానలొచ్చేలోగా ఓ చెక్క షెడ్డు కట్టాలి" అన్నాడు నాన్న. అమ్మ అడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఇలాగే మాట్లాడుకుంటూ వచ్చారు.

ఆ ఆదివారమే బావ వచ్చాడు. అక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బావ గుమ్మం ముందు చెప్పులు విప్పాలో వద్దో తెలియక ఒక కాలు విప్పి, ఒక కాలు విప్పక నిలబడ్డాడు. బావ రంగుల షాపులో పని చేస్తాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. ఆ రోజు నీలం.

నాన్న బయటికొచ్చాడు. పెళ్ళయిన దగ్గర్నించీ "అల్లుడుగారూ, మీరు" అంటూ తెగ మర్యాద చేసిన మనిషి, ఆ పూట గారూ లేదు, మీరూ లేదు.

"ఇదిగో అబ్బాయ్. నిన్ను ఇంట్లోకి రానివ్వడం, రానివ్వకపోవడం దాని ఇష్టం. దాన్ని నేనేం అడగను. పెరట్లోకి రానివ్వడం నా ఇష్టం. పక్క గేటులోంచి రా. ఆ గుంజ పట్టుకునేవాడు లేక చస్తున్నాను."

బావ విప్పిన చెప్పు మళ్ళీ వేసుకుని, ఇల్లు చుట్టి, పక్క గేటులోంచి పెరట్లోకి వచ్చాడు. ఆ వేసవంతా ప్రతి ఆదివారం అలాగే వచ్చాడు. మా గడప తొక్కలేదు.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. వారమంతా జనాన్ని కూర్చోబెట్టి, ఇది కనిపిస్తోందా, అది కనిపిస్తోందా అని అడగడమే నా పని. ఆదివారం సెలవు కాబట్టి చెక్కలు పట్టుకునే డ్యూటీ నాకు పడింది. నాకు బావ మీద కోపం. బావంటే ఇష్టం కూడా. ఇన్నేళ్ళూ కడుపుబ్బ నవ్వించిన మనిషి ఎదురుగా మూతి ముడుచుకుని నిలబడడం ఎంత కష్టమో, నిలబడితేగాని తెలియదు.

"మరదలా, ఆ రంపం ఇటివ్వు" అనేవాడు. నేను ఇవ్వకుండా నేల మీద పెట్టేదాన్ని. అతను వంగి తీసుకునేవాడు.

"మరదలా, ఈ పలక వంకరగా ఉందా, నా చూపు వంకరగా ఉందా? షాపులో నీకు తెలుస్తాయిగా ఇవన్నీ."

"రెండూను" అనేశాను ఓ రోజు, నవ్వాపుకోలేక. ఆ తరవాత మూతి ముడుచుకోవడం నావల్ల కాలేదు.

నాన్న టింబరు డిపోలో ఏరి తెచ్చిన పాత పలకలవి. గుంజలు నాలుగూ పాతి, వాటికి అడ్డబద్దలు కొట్టి, బద్దల మీద పలకలు నిలువునా బిగించాలి. నాన్న బస్సుని వెనక్కి తీయిస్తున్నట్టు చెయ్యి ఊపుతూ "రానీ, రానీ, ఇంకొంచెం రానీ, హోల్డాన్!" అని అరిచేవాడు. హోల్డాన్ అనగానే బావ పలకని అక్కడే నొక్కి పట్టి మేకు కొట్టేవాడు. వంటింటి కిటికీ ఒక రెక్క తీసి ఉండేది. అందులోంచి అక్క కూర తరుగుతూ కనబడేది. ఆ కిటికీ వైపు బావ తల తిప్పేవాడు కాదు. తిప్పకపోవడం ఎంత ప్రయత్నం మీద జరుగుతోందో అతని మెడ చూస్తే తెలిసేది.

"ఏంటది, మేకు నెత్తి పైకే ఉంది? పూర్తిగా దిగ్గొట్టు" అనేవాడు నాన్న.

"పాత చెక్క, చీలుతుంది మావయ్యా. ముందు ఓ మాదిరిగా బిగిద్దాం. చివర్లో అన్నీ ఒకేసారి దిగ్గొడదాం."

మొదటి ఆదివారం వెనక గోడ లేచింది. రెండో ఆదివారానికి అందులో సగం పలకలు కింద పడి ఉన్నాయి.

నాన్న బిత్తరపోయాడు. గాలి అన్నాడు, చెక్క పుచ్చిందన్నాడు. చివరికి మేకులదే తప్పని తేల్చి, నన్ను వెంటేసుకుని మేకుల కొట్టుకి దండయాత్రకి వెళ్ళాడు. కొట్టతను వంగిన మేకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"డ్రైవరుగారూ, ఊరంతా ఈ మేకులతోనే పని చేయించుకుంటోంది. ఎవరి గోడా ఊడలేదు. మీ గోడకి మీ మీద ఏమన్నా కోపముందేమో కనుక్కోండి."

"వేళాకోళాలు తరవాత. ఇంకాస్త పొడుగువి చూడు."

పొడుగు మేకులూ అంతే. బావ ఆదివారం కొట్టినవి వచ్చే ఆదివారానికి ఊడుతున్నాయి. అన్నీ కాదు. ఓసారి నాలుగు పలకలు, ఓసారి ఒక అడ్డబద్ద. నాన్నకి పిచ్చెక్కినంత పనైంది. బావ మాత్రం పడిపోయిన పలక ఎత్తి, దుమ్ము దులిపి, ఈల వేసుకుంటూ మళ్ళీ బిగించేవాడు. విసుక్కోలేదు. అమ్మ వెనక గుమ్మం దాకా వచ్చి నా చేత టీ పంపేది. "చూశావా, ఎంత ఓర్పో. పాపం, ఆ రోజు ఏ గ్రహం పట్టిందో" అని నాతో అనేది, వంటింట్లోకి వినబడేంత గట్టిగా.

ఓ రోజు మా షాపు వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలి కరెంటు పోయింది. మధ్యాహ్నమే షట్టరు దించేశారు. నేను పక్క గేటులోంచి వచ్చాను. అమ్మ నిద్రపోతోంది. నాన్న బస్సు డిపో దగ్గర పాత స్నేహితులతో కబుర్లు చెప్పుకోవడానికి వెళ్ళాడు. పెరట్లో అక్క కొంగు బిగించి, సుత్తి వెనక ఉండే కొక్కెం మేకు నెత్తి కింద దూర్చి, బలంగా వెనక్కి లాగుతోంది. మేకు కీచుమంటూ ఊడొచ్చింది. పలక వాలింది.

నన్ను చూసి కంగారు పడలేదు. చేత్తో నుదురు తుడుచుకుంది.

"అక్కా, నీకేమన్నా మతిపోయిందా? నాన్న మేకుల కొట్టతనితో కొట్లాడుతున్నాడు తెలుసా?"

"తెలుసు. పాపం నాన్న."

"ఎందుకిదంతా? షెడ్డు అయిపోతే బావ రాడనా? ఆయన రావాలనుందా నీకు?" అడుగుతుంటే నాకు ఆశ పుట్టింది. దాచుకోవడమెందుకు, వాళ్ళు కలవాలనే నాకూ ఉంది.

అక్క రెండో మేకు కింద కొక్కెం పెట్టింది. "చూద్దామని."

"ఏం చూద్దామని?"

"చేసిన పని చేసినట్టే ఊడిపోతుంటే ఎన్నిసార్లకి ఆయనకి ఒళ్ళు తెలియని కోపమొస్తుందో చూద్దామని. వచ్చినప్పుడు ఆ చెయ్యి ఏం చేస్తుందో చూద్దామని."

"రాకపోతే?"

"రాకపోతే వెళ్తానే" అంది. ఆ మాట అంటున్నప్పుడు దాని గొంతు ఎంత మెత్తగా ఉందంటే, నాకు ఏడుపొచ్చింది. "అక్కడ నా కుండీలున్నాయి. ఎవరు నీళ్ళు పోస్తున్నారో ఏమో. నాకు మాత్రం ఇక్కడ కూర్చోవాలనుందా?"

నేను ఆ పలక పట్టుకున్నాను. అక్క మేకు పీకింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

అక్కణ్ణించి నా ఆదివారాలు నరకమైపోయాయి. బావ సుత్తి ఎత్తినప్పుడల్లా నా చూపు ఆ చేతి మీదికే పోయేది. నాన్న ఏదో దెప్పేవాడు. "రంగులమ్ముకునేవాడికి మేకు కొట్టడమేం తెలుస్తుందిలే!" బావ నవ్వి ఊరుకునేవాడు. నేను లోపల్లోపల అతనికి మార్కులు వేసేదాన్ని. వెనక గోడ, రెండు పక్క గోడలు నిలబడ్డాయి. అక్క పీకడం కూడా తగ్గించింది. వారానికి ఒకటో రెండో, ఏదో మొక్కుబడికి పీకుతున్నట్టు. ఓ రోజు కూర తరుగుతూ కూనిరాగం తీసింది. అమ్మ నాకేసి చూసి కనుబొమ్మలెగరేసింది.

తలుపు పెట్టే ఆదివారం ఎండ మాడ్చేస్తోంది. పొద్దుట్నించీ తలుపు మడతబందులు కుదరడం లేదు. నాన్న ఒకటే నస. తలుపు బరువంతా నేను ఎత్తి పట్టుకోవాలి, బావ కింద కూర్చుని కింది బందుకి మేకు కొట్టాలి. "రానీ, రానీ, హోల్డాన్!" అన్నాడు నాన్న. నా అరచేతులు చెమటకి జారాయి. తలుపు దబ్బున జారి బావ పాదం మీద పడింది.

అతను ఒక్క ఉదుటున లేచాడు. చెయ్యి లేచింది.

నా మొహం దాకా రాలేదు. భుజం ఎత్తున ఆగింది. ఆగి, అక్కడేం చెయ్యాలో తెలియనట్టు ఓ క్షణం ఉండి, వెళ్ళి అతని తలే గోక్కుంది. "ఏం లేదు, ఏం లేదు" అన్నాడు బావ. కుంటుకుంటూ రెండడుగులు వేశాడు. నాన్న వంగిపోయిన బందుని పరీక్షగా చూస్తున్నాడు. అమ్మ గుమ్మంలోంచి "దెబ్బ తగిలిందా బాబూ?" అంది. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

తలుపు పెట్టేశాం. మధ్యలో బావ ఏదో జోకు కూడా వేశాడు. నేను నవ్వాను, కాస్త ఎక్కువే నవ్వాను.

ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళాను. నేనే ప్లీడరునైపోయాను. "కొట్టలేదుగా అక్కా. పాదం నలిగిపోయింది, ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అయినా ఆపుకున్నాడు. ఆపుకున్నాడు కదా?"

"చూశాను" అంది అక్క. ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

ఆ వారమంతా నేను షాపు నించి రాగానే బ్యాగు కూడా దించకుండా పెరట్లోకి పరిగెత్తేదాన్ని. పలకలు నిలబడే ఉన్నాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆకాశం మబ్బు పట్టడం మొదలెట్టింది. శనివారం ఇక ఉండబట్టలేక సుత్తి తీసుకుని, తలుపు పక్క పలకలో ఉన్న మేకు నెత్తి కింద నేనే కొక్కెం దూర్చాను. ఒక్క మేకు. ఒక్కటి ఊడినా చాలు, రేపు బావ చూసుకుంటాడు. లాగబోయి ఆగిపోయాను. అది పీకే హక్కు నాది కాదు. సుత్తి దాని చోట పెట్టేసి లోపలికొచ్చి మొహం కడుక్కున్నాను.

ఆదివారం నాన్న పక్క గేటు దగ్గరే కాపు కాశాడు. బావ కనబడగానే చేతులు రెండూ చాచాడు.

"అల్లుడుగారూ! రండి రండి. చూశారా, నిలబడింది! ఒక్క మేకు ఊడితే ఒట్టు! నేను చెప్పలేదూ, పొడుగు మేకులే ఉండాలని?"

గారు తిరిగొచ్చింది, మీరూ తిరిగొచ్చింది. అమ్మ అయితే అటక మీంచి అక్క సంచీ దింపి దుమ్ము దులిపింది. ఆ ఇంట్లో సంతోషం ఒలికిపోతోంది. నాకు మాత్రం ఆ షెడ్డు వైపు చూడబుద్ధి కాలేదు.

బావ చేతిలో రంగు డబ్బా ఉంది, ఆకుపచ్చ. దాన్ని కింద పెట్టాడు. మొదటి పలక మీద అరచెయ్యి ఆనించి నొక్కాడు. కదల్లేదు. రెండోది నొక్కాడు. అలా షెడ్డు చుట్టూ తిరిగాడు, ఒక్కటీ వదలకుండా. తిరిగి నా దగ్గరికొచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇక దిగ్గొట్టేద్దాం మావయ్యా" అన్నాడు.

ఆ పూటంతా మేకులు దిగ్గొట్టాడు. పైకి తేలి ఉన్న ప్రతి మేకునీ, చెక్కలో కలిసిపోయేదాకా. ఈల వెయ్యలేదు. నాన్న రంగు కలుపుతూ ఏవో బస్సు కబుర్లు చెబుతూనే ఉన్నాడు. వంటింటి కిటికీ రెక్కలు రెండూ వేసి ఉన్నాయి. బావ ఈసారి దాచుకోకుండా అటే చూశాడు, చాలాసేపు.

రంగు వెయ్యడం అయ్యాక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే నేను సబ్బు పట్టుకుని నిలబడ్డాను.

"గాలికి ఊడిన మేకు తిన్నగా ఉంటుంది మరదలా. పీకిన మేకు వంగుతుంది" అన్నాడు, నీళ్ళకేసి చూస్తూ.

సబ్బు అందించబోయి నేను ఆగిపోయాను.

"రెండో వారమే తెలిసింది. మీ అక్కకి నా మీద కసి తీరేదాకా పీక్కోనీలే అనుకున్నా. తరవాత తరవాత సరదాగా కూడా ఉండేది. ఉత్తరం రాసి పెట్టి వెళ్తే జవాబొచ్చినట్టు." గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ ఎంత రుద్దినా పోవడం లేదు. "చెక్క చీలుతుందని మీ నాన్నకి చెప్పానుగా. మొదట్లో నిజమే. తరవాత ఆవిడ చేతులు నొప్పిపుడతాయని సగమే దిగ్గొట్టేవాణ్ణి."

"బావా..."

"ఈ వారం ఒక్కటీ పీకలేదు." కుళాయి కట్టేశాడు. "ఆ రోజు నిన్ను... నేను కావాలని కాదు మరదలా. నాకు తెలియకుండానే లేచింది."

"తెలుసు బావా."

"ఇదంతా మీ అక్కకి చెప్పకు."

పక్క గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. నాన్న వెనకనించి "భోజనం చేసి వెళ్ళండి అల్లుడుగారూ!" అని కేకేస్తూనే ఉన్నాడు.

నేను చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? ఇంతకన్నా మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? వంటింట్లోకి పరిగెత్తుకెళ్ళి గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేశాను. ఆయనకి ముందే తెలుసక్కా, నీ చేతులు నొప్పిపుడతాయని సగమే కొట్టేవాడటక్కా, అన్నాను. అక్క చేతిలో పని ఆపి విన్నది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క క్షణం, మొదటిరోజు సంచీతో వచ్చాక ఎప్పుడూ చూడనంత ప్రేమ కనిపించింది ఆ మొహంలో. నేను గెలిచాననుకున్నాను.

"రెండో వారం నించే తెలుసా?" అంది.

"ఆ."

"అంటే, నేను చూస్తున్నానని తెలుసు."

"తెలుసు! అదే కదా చెబుతున్నాను."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకేసి, ఇంత చిన్న విషయం నీకెందుకు అందడం లేదే అన్నట్టు, జాలిగా చూసింది.

"నేను చూస్తున్నానని తెలిసి కూడా చెయ్యి అంతవరకు లేచింది. ఎవరూ చూడని ఇంట్లో ఎంతవరకు వస్తుందే?"

బయటినించి నాన్న కేకలేస్తున్నాడు, రంగు ఆరకముందే వచ్చి షెడ్డు చూడమని, ఇద్దర్నీ.